ప్రేమమణి టీచర్ చూసిన ఒకే ఒక దెయ్యం సినిమా

ప్రేమమణి టీచర్ జీవితం మొత్తంలో చూసింది ఒక్కటంటే ఒక్క సినిమా. అదీ దెయ్యం సినిమా. ఈ మాట చెబితే ఆమెను ఎరిగినవాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తారు. చూడనివ్వండి. ఆ రోజు టికెట్లు తీసింది నేనే, హాల్లో ఆమె పక్క కుర్చీలో కూర్చున్నదీ నేనే.

అప్పట్లో మేము మౌలాలి రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. ఇంటింటికీ టీవీలు రాని రోజులు. నేను సికిందరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసేదాన్ని. మా అమ్మ పెట్టిన పేరు లీలాకుమారి అయితే, కాలనీ పెట్టిన పేరు సిన్మా లీల. కొత్త సినిమా వచ్చిందంటే మొదటి వారంలో చూడాల్సిందే, లేకపోతే నాకు అన్నం సహించదు. మా క్వార్టరుకు గోడ ఇవతల నేను, అవతల ప్రేమమణి టీచరు. ఉప్పూ నిప్పూలాంటి ఇరుగుపొరుగు.

ఆమెది గుంటూరు వైపు. తండ్రి ఊరూరూ తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. ఆయన ఇంట్లో సినిమా అన్న మాట పలికితేనే తప్పు. భర్త రిచర్డ్ గారు గూడ్సు బళ్ళ మీద గార్డు కాబట్టి పెళ్ళయ్యాక ఇటు వచ్చి, మిషను బళ్ళో టీచరుగా చేరింది. పిల్లలు కలగలేదు. "బడి పిల్లలంతా మీ పిల్లలే కదమ్మా" అని ఎవరైనా ఓదార్చబోతే, "బడి పిల్లలు బడి పిల్లలేనండీ, సాయంత్రం అయితే వాళ్ళమ్మల దగ్గరికి వెళ్ళిపోతారు" అనేది. అలా ముఖాన కొట్టినట్టు మాట్లాడే మనిషి కనుకనే నాకు నచ్చింది.

వాళ్ళ సంఘంలో సినిమాకు వెళ్ళినవాళ్ళను బల్లకు రానివ్వరు. నెలకొక ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటారు చూడండి, దాన్ని వాళ్ళు బల్ల అంటారు. అందరూ లేచి ముందుకు వెళుతుంటే ఒక్క మనిషి బెంచీలో ఉండిపోతే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. అయితే నవలల గురించి సంఘం ఎక్కడా ఏమీ అనలేదు. ఆ సందు ప్రేమమణి టీచరు కనిపెట్టింది. ప్రతి వారం వీక్లీ తెప్పించుకునేది, అందులో సీరియళ్ళు ఒక్కటి వదిలేది కాదు.

మా లైనులో చాలామందికి చదువు రాదు. వచ్చిన నాలాంటివాళ్ళకు బద్ధకం. అందుకని బేస్తవారం మధ్యాహ్నం అన్నాలు అయ్యాక, ఆమె క్వార్టరు మెట్ల మీద చేరేవాళ్ళం. బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళు, చిక్కుళ్ళు వలిచేవాళ్ళు, ఊరికే నోరు తెరుచుకుని కూర్చునే నేను. ఆమె చదివేది. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది కూడా ఆమే. అదే గొంతు, అదే నిదానం, పదం పదానికీ అదే గౌరవం. ప్రేమ సీరియలైనా దెయ్యం సీరియలైనా ఆమె నోట లేఖనమే. చదవడం అయిపోగానే వీక్లీ రిచర్డ్ గారి డ్యూటీ పెట్టెలోకి చేరేది. గూడ్సు బండితో పాటు కాజీపేటో బల్లార్షానో పోయేది, మళ్ళీ మా కంటపడేది కాదు.

అట్లా ఆమె మాకు చదివిన నవల పేరు "నూతిలో పాప". పాత మేడ, పెరట్లో నుయ్యి, అందులో పడి చచ్చిపోయిన ఆరేళ్ళ పిల్ల. ఆ పిల్ల తడి కాళ్ళతో ఇల్లంతా తిరుగుతుంది. పొద్దున్నే లేచి చూస్తే గచ్చు మీద చిన్న చిన్న పాదాల తడి. ఆ పాదాల గురించి ప్రేమమణి టీచరు చదివిన రోజు పట్టపగలే మా రోసమ్మ తన ఇంటికి వెళ్ళడానికి నన్ను తోడు రమ్మంది. రోసమ్మ ఇల్లు ఎదురు లైనే.

ఇక్కడే మేము చేసిన బుద్ధిలేని పని చెప్పాలి. ఆ మెట్ల మీద మాతో పాటు శారదమ్మ కూర్చునేది. లోకోషెడ్డులో ఫిట్టరు పర్వతాలు భార్య. వాళ్ళకు సుబ్బులని ఒక్కతే బిడ్డ. అంతకు రెండేళ్ళ ముందు వానాకాలంలో, మౌలాలి గుట్ట వెనక రాయి కొట్టి వదిలేసిన గుంతలో పడి చనిపోయింది. వాననీళ్ళు నిండిన గుంత, పైకి చూస్తే మోకాలు లోతనిపిస్తుంది. ఆయుష్షు తీరకుండా పోయిన పిల్ల నీళ్ళు వదలదని ఎవరో పుణ్యాత్ములు శారదమ్మ చెవిన వేశారు. పుండు మీద కారం చల్లడమంటే అదే. ఇక ఆమె అమావాస్య అమావాస్యకూ బెల్లమన్నం పట్టుకుని ఆ గుంత దగ్గరికి పోయి కూర్చునేది. ఎవరితోనో మాట్లాడేది. పర్వతాలు వెళ్ళి లేపి తీసుకొచ్చేవాడు.

ఇవన్నీ తెలిసీ, నూతిలో పాప కథ ఆమె ముందు పెట్టుకుని వారం వారం వింటున్నాం మేము. కథ మీద పడ్డ మనసు మనిషి మీద పడలేదు. శారదమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయేది, వలవకుండా. అది చూసింది ప్రేమమణి టీచరు ఒక్కతే. చూసి కూడా చదవడం ఆపలేదు. ఎందుకు ఆపలేదో తర్వాత తెలిసింది.

చివరి వారం ఆమె చదివిన ముగింపు మా లైనంతా నోటికి అప్పజెప్పగలదు. అన్నాళ్ళూ నూతి వైపు తలుపు మూసుకుని వణికిన తల్లి, ఆ సాయంత్రం తలుపు తీసుకుని నూతి దగ్గరికి వెళుతుంది. దీపం లేదు, మంత్రం లేదు. గట్టు మీద చెయ్యి వేసి, ఆటకు పోయిన పిల్లను పిలిచినట్టు పిలుస్తుంది. పొద్దుగూకింది, ఇంటికి రా తల్లీ అంటుంది. పాప పైకి వస్తుంది. తల్లి చీర కొంగుతో తల తుడిచి, ఒళ్ళో వేసుకుని జోకొడుతుంది. పాప నిద్రపోతుంది. మళ్ళీ ఆ ఇంట్లో తడి పాదాలు కనపడవు. అంతే కథ. మేమంతా ముక్కులు చీదుకున్నాం. శారదమ్మ ఏడవలేదు. లేచి ఇంటికి పోయి పడుకుంది. మరునాడు ఎండ ఎక్కేదాకా లేవలేదని పర్వతాలు మాతో ఆశ్చర్యంగా చెప్పాడు. ఆ వచ్చిన అమావాస్యకు ఆమె గుంత దగ్గరికి పోలేదు. ఆ తర్వాతా పోలేదు.

ఏడాది తిరక్కుండానే నవల సినిమాగా వచ్చింది. సికిందరాబాద్ గోడల నిండా పోస్టర్లు. "ముగింపు ఎవరికీ చెప్పకండి" అని ఎర్రరంగులో రాశారు. ఒకటి చెప్పొద్దంటే అదే చెప్పడం మన జాతి లక్షణం. వారం తిరిగేసరికి మా లైనులో సగం మంది చూసి వచ్చారు. పొద్దున నల్లా దగ్గర బిందెలు వరుసలో పెట్టి ఒకటే తీర్పులు.

"దయ్యం కాళ్లకు పట్టీలేందీ? నీళ్లల్ల నానినయి గల్లుగల్లుమంటయా?" అంది బోయిన్‌పల్లి నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే దేవమ్మ.

"నాకైతే జెర సుత భయం గాలె. టీచరమ్మ సదివిన్నాడు పానం పోయింది. సిన్మా చూసొచ్చి మంచిగ గుర్రుపెట్టి పన్న" అంది రోసమ్మ.

బ్రహ్మచారి అన్న పేరుగల వడ్రంగికి వేరే బాధ. "బాయి గట్టు రాయి గాదు, కట్టె. రంగేసిండ్రు. దయ్యం చెయ్యి పెడితే ఊగింది. గంత అధ్వాన్నపు కట్టెపని నేనెన్నడు చూడలే" అన్నాడు. నేనేం తక్కువ తిన్నానా? నుయ్యి దగ్గర పిల్ల చచ్చి ఊరు ఏడుస్తుంటే హీరో గారు ఊటీలో పాట పాడటం రామాయణంలో పిడకల వేటని తేల్చేశాను.

ఎన్ని రకాలుగా తిట్టుకున్నా ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట. ముగింపు ఖూనీ చేశారు. సినిమాలో తల్లి పిలవదు. మాంత్రికుడు వస్తాడు, పాపను కుండలోకి రప్పించి మూత పెట్టి హోమగుండంలో కాల్చేస్తాడు. "నవలల ఎంత మంచిగ రాసిండాయన! గింత అన్యాలమా?" అని బ్రహ్మచారి ఊగిపోయాడు. ప్రొడ్యూసరుకు ఉత్తరం రాసి నాలుగు కడిగేద్దామనీ, ఆ ఉత్తరం టీచరమ్మతోనే రాయిద్దామనీ నల్లా దగ్గర తీర్మానమైంది. ఆమె గుమ్మంలోకి వెళ్ళి చెబితే, "చూద్దాంలెండి" అంది. లోపల భోంచేస్తున్న రిచర్డ్ గారికి పొలమారింది. ఆయన పాపం చాలాసేపు దగ్గాడు.

ఆ సాయంత్రం గోడ మీదుగా నన్ను పిలిచింది. "లీలా, సినిమాలో ముగింపు ఎవరూ మార్చలేదు. నవలలో అలాగే ఉంది."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. "మరి నువ్వు సదివింది?"

"శారద మొహం చూస్తూ అది చదవలేకపోయాను. మధ్యలో మానేస్తే, ఎందుకు మానేశానో తనకు తెలిసిపోతుంది. అందుకని నాకు తోచింది కలిపి చదివాను."

బైబిలు చదివే నోటి నుంచి లేనిది ఎట్లా వస్తుంది? మాలో ఒక్కరికి ఆ అనుమానం రాలేదు. ఇంకెవరు చదివినా "ఏదీ చూపించు" అనేవాళ్ళమే. ఆమె చదివితే అచ్చులో ఉన్నట్టే. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఎందుకంటే పొద్దున నల్లా దగ్గర శారదమ్మ కూడా ఉంది. అంతా విని, బిందె నెత్తికెత్తుకుంటూ, ఆ సినిమా చూస్తానంది.

వద్దని నేనూ చెప్పాను, రోసమ్మా చెప్పింది. ఆమె వినలేదు. "అచ్చుల ఉన్నదాన్ని ఎట్ల మారుస్తరు? మీకు సమజ్ గాలేదు. పోరి నీళ్లల్లకెళ్లి పైకొచ్చి తల్లి ఒళ్లె పండుకునేది ఉంటది. అది నేను చూడాలె" అంది. తనకు నిద్ర ఇచ్చిన కథ అది. దాన్ని కళ్ళారా చూసుకోవాలని ఆమె తపన. చూస్తే కనపడేది మంట. మళ్ళీ ఆ గుంత గట్టు మీదికే పోతుందేమోనని మా భయం. పోయి ఊరికే కూర్చుని వస్తుందన్న నమ్మకం కూడా ఈసారి లేదు.

నిజం చెబితే ఆమె నిద్ర అబద్ధమవుతుంది. చెప్పకపోతే తెర చెబుతుంది. ప్రేమమణి టీచరు ఆ రాత్రంతా ప్రార్థనలో ఉందో ఆలోచనలో ఉందో నాకు తెలియదు. పొద్దున్నే వచ్చి, "మూడు టికెట్లు తియ్యి, నేనూ వస్తాను" అంది.

"బల్ల?" అన్నాను.

"శారదను పంపించి నన్ను ఇంట్లో కూర్చోమంటావా?" అంది.

ఆ తర్వాత ఆ సంగతి సంఘ పెద్ద దేవానందం గారి దాకా పోయింది, ఎట్లా పోయిందో నన్నడగొద్దు. చాలా నెలలు ఆమెను బల్లకు రానివ్వలేదు. వెనక బెంచీలో కూర్చుని పాటలు మాత్రం గొంతెత్తి పాడి వచ్చేది. పశ్చాత్తాపపడ్డావా అమ్మా అని ఆయన అడిగినప్పుడల్లా, "ఇంకా లేదండీ" అనేదట. చివరికి ఆయనే విసిగి రానిచ్చాడు.

మ్యాట్నీకి వెళ్ళాం. హాల్లో ప్రేమమణి టీచరు చర్చిలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది. లైట్లు ఆరగానే తల వంచి కళ్ళు మూసుకుంది. నేను మోచేత్తో పొడిచి, ఇది ప్రార్థన కాదు, ప్రకటనలు అని చెప్పాను. శారదమ్మ ఆమెకు అటు పక్క. పాప మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు హాలంతా కెవ్వుమంది. వీళ్ళిద్దరూ కదల్లేదు. శారదమ్మ ముందుకు వంగి, ఆ పిల్ల తడి జుట్టు వైపే చూస్తూ ఉంది. ఇంటర్వెల్లో నేను సమోసాలు తెస్తే ఎవరూ ముట్టుకోలేదు. మూడూ నేనే తిన్నాను. భయం వేస్తే నాకు ఆకలి.

ముగింపు వచ్చింది. మాంత్రికుడు కుండ పట్టుకుని నూతి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ప్రేమమణి టీచరు చెయ్యి చాపి శారదమ్మ కళ్ళు మూసింది. చెవి దగ్గరగా వంగి మొదలుపెట్టింది. "తల్లి తలుపు తీసుకుని వచ్చింది. గట్టు మీద చెయ్యి వేసింది..." తెర మీద డప్పులు మోగుతున్నాయి, ఆమె గొంతు పెంచింది. మంత్రాలు గట్టివయ్యాయి, ఆమె ఇంకా పెంచింది. అదే చర్చి గొంతు, అదే నిదానం. వెనక వరుసలో ఒకాయన లేచాడు.

"ఏందమ్మా గిది, సిన్మా చూడనిస్తరా లేదా?"

ఆయన పక్కనున్న ముసలావిడ ఆయన్ని చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "గాడు చేసే దానికన్న గామె చెప్పేదే మంచిగున్నది. చెప్పనీ" అంది. ఆ సినిమా మీద నేను విన్న అభిప్రాయాల్లో అంత సరైనది ఇంకోటి లేదు.

"పొద్దుగూకింది, ఇంటికి రా తల్లీ, అని పిలిచింది..." అంటూండగా శారదమ్మ తన కళ్ళ మీది చేతిని పట్టుకుంది. మెల్లగా కిందికి దించింది. దించి, ఒళ్ళో పెట్టుకుని, తెర వైపు చూసింది. మూత పెట్టారు. ఎర్రగుడ్డ కట్టారు. కుండను మంటలో పెట్టారు. లోపలి నుంచి పాప అమ్మా అని అరిచింది. మాంత్రికుడి వెనక నిలబడ్డ తల్లి ముఖం తిప్పుకుంది. ప్రేమమణి టీచరు నోట మాట ఆగిపోయింది. నేను తెర చూడలేదు, శారదమ్మనే చూశాను. ఆమె రెప్ప వాల్చకుండా చివరిదాకా చూసింది.

బయటికి వచ్చాం. మోండా మార్కెట్ పక్కగా బస్టాపు దాకా నడిచాం. ముందు నడుస్తున్న కుర్రాళ్ళు ఫోటోగ్రఫీ బాగుందంటున్నారు. దెయ్యం మేకప్పు బాగోలేదంటున్నారు. బస్టాపులో నిలబడ్డాక శారదమ్మ అడిగింది.

"పుస్తకంల సుత గిట్లనే ఉన్నదా టీచరమ్మా?"

నేనైతే లేదని చెప్పేసేదాన్ని. ప్రేమమణి టీచరు చెప్పలేకపోయింది. "ఇలాగే ఉంది శారదా. నేను చదివింది అందులో లేదు. నేనే కలిపాను."

ఒక బస్సు వచ్చి పోయింది, మాదే. ఎవరమూ ఎక్కలేదు.

"రాసినాయన కాలవెట్టిండు" అంది శారదమ్మ. "సిన్మా తీసినోడు కాలవెట్టిండు. తల్లి సుత మొఖం తిప్పుకున్నది. గింతమంది ఉండి, ఇంటికి రా బిడ్డా అని ఒక్కలన్న పిలవలే. నువ్వొక్కదానివే పిలిచినవ్."

"నీకు చెప్పాల్సింది..." అని ఏదో అనబోయింది ప్రేమమణి టీచరు.

"అచ్చుల ఉన్నదని గాదు టీచరమ్మా నేను గుంత కాడికి పోవుడు బంద్ చేసింది. ఆ దినం నువ్వు పిలుస్తుంటే నా మనసుల నేను సుత మా సుబ్బులును పిలిచిన. వచ్చింది. నా ఒళ్లె పండుకున్నది. ఇగ వీళ్లు ఎవలను కాలవెట్టుకుంటే నాకేంది?"

ప్రేమమణి టీచరు కళ్ళజోడు తీసింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. చప్పుడు లేకుండా, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, బస్టాపులో నిలబడి ఏడ్చింది. నాకూ ఆగలేదు. శారదమ్మ మాత్రం మా ఇద్దరినీ చూసి, ఇదేందమ్మా అన్నట్టు చేతిసంచీ సర్దుకుంది.

"ఏడ్వకు. బేస్తవారం కొత్త కథ షురూ చేస్తవు గదా" అంది. "ఈపారి ఉన్నదున్నట్టు సదువు. నేను ఓర్సుకుంట."

ఇంకో బస్సు వచ్చింది. కళ్ళజోడు చేతిలోనే ఉండిపోయిన ప్రేమమణి టీచరుకు మెట్టు కనపడలేదు. శారదమ్మే జబ్బ పట్టుకుని ఎక్కించింది.